ఏ చేతికి కర్ర

నడక కష్టమైనవాళ్ళకు కావలసిన సామాను అమ్మే కొట్టు. మధ్యాహ్నం. బల్లకు ఇవతల ఒక భార్య, చూపు లేని ఆమె భర్త. అవతల కొట్టతను.

“కాదక్కా, ఆ చేతికి కాదు. కర్ర కుడిచేతికి తీసుకోండి.”

“నొప్పి ఎడమ కాలికి తమ్ముడూ. ఎడమ తుంటి.”

“అందుకే కుడిచేతికి. ఈ పొరపాటు అందరూ చేస్తారు. ఎడమ కాలు నేల మీద పడేటప్పుడు కుడిచేతిలో కర్రా పడాలి. అప్పుడే తుంటి మీద బరువు తగ్గుతుంది. ఏదీ, చెయ్యి మార్చండి.”

“కుడిచేతికి వద్దు.”

“వద్దంటే ఎలా?”

“ఆ చెయ్యి ఖాళీ లేదు.”

“చెయ్యి ఖాళీ లేకపోవడమేంటక్కా?”

“నేను పట్టుకుని ఉన్నాను కదయ్యా. కనబడ్డంలేదూ? నాకంటే కనబడదు, నీకేమైంది?”

“అయ్యో, సార్... అక్క పడిపోకుండా మీరు పట్టుకున్నారనుకున్నాను.”

“తిరగేసి అనుకున్నావు. ఆవిడ దారి చూపిస్తుంది, నేను వెనకాల నడుస్తాను. ఇరవై ఏడేళ్ళ కిందట ఆ మోచెయ్యి నా పేరున రాసేసింది. ఇంకో మాట. ఆవిణ్ణి అక్కా అంటావు, నన్ను సార్ అంటావు. వరస ఎక్కడో తప్పింది.”

“సరే బావగారూ.”

“ఆఁ. ఇప్పుడు కుదిరింది.”

“మీ పరాచికాలు తర్వాత. తమ్ముడూ, ఎడమచేతికి సరిపోయేది చూసి ఇవ్వు.”

“కర్రకి ఏ చెయ్యైనా ఒకటేనక్కా. కాలే ఒప్పుకోదు. ఉండండి... మిమ్మల్ని ఇంతకుముందు ఎక్కడో—”

“లేదు.”

“ఈ కొట్టుకే వచ్చినట్టు—”

“ఎప్పుడూ రాలేదు. ఇలాంటి మొహాలు ఊరినిండా ఉంటాయి. ఆ మూల నాలుగు కాళ్ళతో ఉందే, అదేంటి?”

“అది నాలుగు కాళ్ళ కర్ర. దానంతటదే నిలబడుతుంది. మీరు వదిలేసినా కింద పడదు.”

“ఏదీ, అది నా చేతికివ్వు బావమరిదీ. ఊఁ... అతుకులు బానే ఉన్నాయి. ఈ ఒక్క కాలు వెంట్రుకవాసి పొట్టి.”

“పొట్టేం కాదు బావగారూ, పెట్టెలోంచి ఇవాళే తీశాను.”

“నేల మీద పెట్టి, మీద చెయ్యి ఆనించి చూడు. టక్ టక్‌మంటోందా?”

“అంటోంది.”

“ముప్పై ఏళ్ళుగా పేము కుర్చీలు అల్లుతున్నాను. కుర్చీ కాలు అబద్ధమాడితే నా చేతికి తెలిసిపోతుంది.”

“రబ్బరు తొడుగు మారిస్తే సరిపోతుంది లెండి. అక్కా, పోనీ ఇలా చేద్దాం. కర్ర కుడిచేతికే. బావగారు మీ ఎడమపక్కకి వస్తారు.”

“ఆయనకి అలవాటు లేదు తమ్ముడూ.”

“అలవాటు ఎంతసేపట్లో అవుతుంది? రండి బావగారూ, ఇటు తిరగండి. ఇదీ ఎడమ మోచెయ్యి.”

“ఇదెవరి చెయ్యే? ఎప్పుడూ చూసినట్టు లేదు.”

“నాదేనండీ. నడవండి. కర్ర, ఎడమ కాలు... కుడి కాలు... కర్ర, ఎడమ...”

“ఆగు, ఆగు. ఏంటిలా ఊగుతోంది? పడవెక్కినట్టుంది.”

“నేను ఒరుగుతున్నాను. ఎడమ కాలు పడినప్పుడు.”

“ప్రతి అడుగుకీనా?”

“ప్రతి అడుగుకీ.”

“నువ్వు ఒరిగినప్పుడల్లా ఏదో గుంటలోకి దిగుతున్నామనుకుని నా కాలు వెనక్కి పోతోంది. ఎప్పట్నుంచే ఇంతలా?”

“ఈమధ్యే.”

“ఈమధ్యే అంటే ఎప్పుడు?”

“ఈమధ్యే అన్నాను కదా. కుడిపక్క ఉంటే ఇంత తెలియదు. రండి, మళ్ళీ అటు వచ్చెయ్యండి.”

“తెలియకూడదనేనా కుడిపక్క పెట్టుకున్నావు?”

“కొత్తగా పెట్టుకున్నానా? పెళ్ళినాటి నుంచీ అక్కడే ఉన్నారు. తమ్ముడూ, ఎడమచేతికే ఇచ్చెయ్యి. ఎలాగో సర్దుకుంటాను.”

“తప్పు చేతికిచ్చి పంపితే, రేపు మీరు పడితే నా మనసు ఊరుకోదక్కా. డాక్టరు చీటీ ఏమైనా ఉందా?”

“ఇంట్లో మర్చిపోయాను.”

“సంచిలో ఉందేమోనే. నా భుజానికే కదా ఉంది, ఉండు చూస్తాను—”

“సంచిలో చెయ్యి పెట్టకండి!”

“అబ్బో! ఏముందే అందులో, పామా?”

“నా డబ్బా మూత సరిగ్గా పట్టడంలేదు. కదిపితే ఒలుకుతుంది.”

“మొన్న గురువారం సంచంతా వర్క్‌షాప్‌లో నా సీటు దగ్గరే మర్చిపోయి పోయావు. రోజల్లా అక్కడే ఉంది, ఏమీ ఒలకలేదు.”

“అప్పుడు చెయ్యి పెట్టారా?”

“నీ సంచితో నాకేం పని? ఆ రోజు తిండి లేక మాడింది నువ్వు.”

“సరే. చీటీ మాత్రం అందులో లేదు. ఇంట్లో ఉంది.”

“ఇంట్లో లేదు, సంచిలోనూ లేదు. నా చొక్కా జేబులో ఉంది. నిన్న ఆసుపత్రి మెట్లు దిగుతూ, చేతులు చాలక నువ్వే పెట్టావు. ఇంద బావమరిదీ.”

“ఏవండీ, అదెందుకిప్పుడు? అందులో ఏముందో నిన్నే చదివి చెప్పాను కదా. చేతికర్ర చాలన్నాడు.”

“చెప్పావు. ఇతనూ ఒకసారి చదివితే అక్షరాలు అరిగిపోతాయా?”

“డాక్టర్ల రాత. అతనికేం అర్థమవుతుంది?”

“రోజూ ఈ రాతలతోనే నా బతుకు అక్కా. ఎడమ తుంటి కీలు... అరుగుదల, బాగా ముదిరింది. మూడు నెలల్లో మూడుసార్లు పడ్డారు. చేతికర్ర పనికిరాదు. వాకర్—”

“చాలు తమ్ముడూ.”

“చదువు.”

“వాకర్, రెండు చేతులతో. బరువులు మోయరాదు. కింద గీత గీసి రాశారు బావగారూ... ఇంకొకరిని చెయ్యి పట్టుకుని నడిపించరాదు.”

“ఏవండీ. ఏవండీ, డాక్టర్లు అన్నీ పెంచే రాస్తారు.”

“మూడుసార్లా?”

“రెండు.”

“కాగితం మూడంటోంది.”

“ఒకసారి పడలేదు. కూర్చుండిపోయాను.”

“ఎక్కడ?”

“మెట్ల దగ్గర. పొద్దున మిమ్మల్ని దింపి వెనక్కి వస్తుంటే.”

“మా వర్క్‌షాప్ మెట్లా? పదకొండు మెట్లు, పట్టుకోడానికి ఒక కమ్మీ కూడా లేదు. అక్కడ కూర్చుండిపోయి, సాయంత్రం ఏమీ జరగనట్టు మళ్ళీ నాకోసం ఎక్కి వచ్చావా? ఆ రోజు నీ మోచేతికి మట్టి అంటుకుని ఉంది. అడిగితే నీ బైండింగ్ పనిలో కాగితాల దుమ్మన్నావు.”

“బైండింగ్‌లోనూ దుమ్ముంటుంది.”

“ఇన్నేళ్ళూ పేపరు నువ్వు చదివితే విన్నాను. ఉత్తరం నువ్వు చదివితే విన్నాను. బస్సు మీద నువ్వు చదివిందే నంబరు. ఇంకా ఏమేం వదిలేశావే? ఒకసారి ఎక్కడో యుద్ధం ఆగిపోయిందని చదివావు. అది నిజమేనా?”

“అది నిజమేనండీ.”

“నమ్ముతాలే. నమ్మక ఏం చేస్తాను?”

“అక్కా, నా మాట వినండి. కొనక్కర్లేదు, వాకర్ ఒక్కసారి పట్టుకుని చూడండి. ముందు చేతులు కిందికి వదిలెయ్యండి. మణికట్టు దగ్గర ముడత ఉంది చూశారా, పిడి అంత ఎత్తు రావాలి. ఈ బొడిపె నొక్కితే గొట్టం లోపలికి జారుతుంది... ఇదీ... నాలుగు కాళ్ళూ ఒకే చిల్లుకి రావాలి. ఇప్పుడు పట్టుకోండి.”

“పట్టుకున్నాను.”

“ముందు దీన్ని జరపండి. నాలుగు కాళ్ళూ నేలకి ఆనాయా? ఇప్పుడు ఎడమ కాలు. బరువు చేతుల మీద వెయ్యండి. మొహమాటపడకండి, అది మోస్తుంది. కుడి కాలు. మళ్ళీ జరపండి.”

“ఎడమ... కుడి... ఇలాగేనా?”

“అలాగే. ఇంకో రెండు అడుగులు.”

“ఏమే, ఎలా ఉంది?”

“బానే ఉంది.”

“బానే అంటే?”

“నొప్పి లేదండీ.”

“కొంచెం కూడానా?”

“అడుగు వేస్తే నొప్పి లేకపోవడం ఎలా ఉంటుందో మర్చేపోయాను. లేదు. నిజంగా లేదు.”

“మరి ఏడుస్తావేం?”

“ఏడవట్లేదు.”

“నీ ముక్కు చప్పుడు నాకు వినబడుతోంది. అది నువ్వు చదివి వినిపించక్కర్లేదు. బావమరిదీ, కట్టెయ్యి. ఇదే తీసుకుంటున్నాం.”

“కట్టకు తమ్ముడూ. రెండు చేతులూ దీనికిచ్చేస్తే ఆయన దేన్ని పట్టుకుంటారు?”

“నీ భుజం మీద చెయ్యి వేస్తాను. వెనకాల వస్తాను, రైలు పెట్టెలాగా.”

“వెనక నుంచి లాగితే అక్క వెల్లకిలా పడుతుంది బావగారూ.”

“లాగను. ఊరికే ఆనిస్తాను. రెండే రెండు వేళ్ళు. నడువే.”

“జరిపాను... ఎడమ... అమ్మా!”

“ఏమైంది? ఏమైందే?”

“నా మడమ తొక్కారు. నేను ఆగాను, మీరు ఆగలేదు.”

“ఆగుతున్నావని నాకెలా తెలుస్తుంది? మోచెయ్యైతే అదే చెప్పేది. గుంట వస్తే బిగుసుకునేది, మెట్టు వస్తే పైకి లేచేది. ఈ భుజం ఏమీ చెప్పడంలేదు.”

“భుజాలు రెండూ వాకర్ పనిలో ఉన్నాయి కదండీ. మీతో మాట్లాడే తీరిక లేదు వాటికి.”

“పోనీ పక్కనుంచి ఈ గొట్టం పట్టుకుంటాను.”

“పక్కకి లాగినా ఒరిగిపోతుంది బావగారూ. ఇది ఒక్క మనిషికి చేసిన వస్తువు.”

“ఒక్క మనిషికా?”

“ఒక్క మనిషికే.”

“చూశారా? నేను మొదట్నుంచీ చెప్తున్నది అదే. నాకు ఒంటిచేతి కర్ర చాలు.”

“నువ్వుండు. ఇద్దరికీ పనికొచ్చేది ఏదీ లేదా బావమరిదీ? ఇంత కొట్టు పెట్టావు!”

“చక్రాల కుర్చీ ఉంది. అక్క కూర్చుంటుంది, మీరు తొయ్యండి.”

“ఓహో! ఆవిడ చూస్తుంది, నేను నడుస్తాను. ఇదేదో బావుంది. కూర్చోవే.”

“ఇక్కడా? అందరూ చూస్తారు.”

“నేనైతే చూడను. కూర్చో.”

“కూర్చున్నాను. మెల్లగా తొయ్యండి. కుడికి... ఇంకా కుడికి... అయ్యో, కుడికండీ!”

“నా కుడా, నీ కుడా?”

“ఇద్దరిదీ ఒకటే కుడి! ఎదురుగా అద్దాల బీరువా ఉంది!”

“ఆపండి, ఆపండి బావగారూ! నేను పట్టుకున్నాను. ఏం కాలేదు.”

“బీరువాకా, మా ఆవిడకా?”

“ఇద్దరికీ. కానీ ఒక మాట చెప్తాను, అమ్ముకోవాలని కాదు. నడవగలిగినవాళ్ళు కూర్చోవడం మొదలుపెడితే ఉన్న నడకా పోతుంది. డాక్టరు నడవమన్నారు కదా.”

“అదొక్కటే కాదు తమ్ముడూ. ఆయన నన్ను మెట్ల దాకా తోసుకొస్తారు, సరే. ఆయన్ని అక్కడ దింపాక నన్ను వెనక్కి ఎవరు తోస్తారు?”

“అవునే. ఆ సంగతి నాకు తట్టలేదు.”

“వర్క్‌షాప్‌కి వేరే దారేం లేదా అక్కా?”

“లేదు. ఆ సందులోకి బండి రాదు. బాగుచెయ్యాల్సిన కుర్చీలన్నీ మనుషులే నెత్తిన పెట్టుకుని ఎక్కిస్తారు. పదకొండు మెట్లు, తర్వాత గేటు, తర్వాత పెద్ద వాకిలి. రోజూ ఈయన్ని సీటు దాకా తీసుకెళ్ళి కూర్చోబెట్టి, అప్పుడు నా పనికి పోతాను. వాకర్‌తో మెట్లెక్కచ్చా?”

“ఒకటో రెండో అయితే, ఎవరైనా పక్కనుంటే... పదకొండంటే కుదరదక్కా.”

“కర్రతో అయితే?”

“కర్రతో ఎక్కచ్చు. మంచి కాలు ముందు ఎక్కాలి, నొప్పి కాలు ముందు దిగాలి. కానీ చీటీలో—”

“చీటీ రాసినాయనకి మా వర్క్‌షాప్ ఎక్కడుందో తెలుసా?”

“తెలియక్కర్లేదు. నీ తుంటి ఎక్కడుందో తెలిస్తే చాలు. ఏదీ, ఈ వాకర్ ఎంత వెడల్పు? జాన... రెండు జానలు... మూడుకి నాలుగు వేళ్ళు తక్కువ. మన బాత్రూము గుమ్మం మూడుకి ఐదు వేళ్ళు తక్కువ. ఒక్క వేలు పట్టదు.”

“తలుపు రెక్క ఊడదీసి తెర కట్టుకుంటే పడుతుంది బావగారూ. చాలామంది అదే చేస్తారు.”

“విన్నావా? తలుపు తీసేస్తాం. మనకి దాపరికాలేమున్నాయి?”

“ఎందుకండీ అన్నీ తేలిగ్గా మాట్లాడతారు?”

“బరువుగా మాట్లాడితే మోసేదెవరు? సరే విను. నేను వర్క్‌షాప్ మానేస్తాను.”

“ఏంటీ?”

“మానేస్తాను. యాభై ఆరేళ్ళొచ్చాయి. ఇంట్లో కూర్చుంటాను. కూర్చోకూడదా?”

“పోయినేడు జ్వరమొచ్చి పది రోజులు కూర్చున్నారు. ఇంట్లో ఉన్న మూడు కుర్చీలూ విప్పి మళ్ళీ అల్లారు. అవి అయిపోయాక నా జడ విప్పారు.”

“బాగానే అల్లాను కదే.”

“పేము తడిపినట్టు నీళ్ళలో తడిపి మరీ అల్లారు. నవ్వకు తమ్ముడూ, మూడు రోజులు తల నొప్పి.”

“పోనీ పిల్లలెవరూ లేరా అక్కా?”

“అమ్మాయి ఉంది. మా రెండు వైపులా మొదట డిగ్రీ చదివింది అదే. పక్క ఊళ్ళో టీచరు. ఆదివారం ఆదివారం వచ్చి గుమ్మాలన్నీ కొలిచిపోతుంది, అమ్మా వాకర్ కొను, అమ్మా జాగ్రత్త అని.”

“ఆదివారం నాకు సెలవు. లేకపోతే నా కూతురే దింపేది.”

“రోజూ రమ్మంటే దాని ఉద్యోగం పోతుంది. దాన్ని చదివించింది ఆ కుర్చీలే తమ్ముడూ. ఈయన ఇప్పుడు ఇంట్లో కూర్చుంటానంటే... ఏవండీ, మీరు కూర్చుంటే ఇక నేను మాత్రం నడిచి ఎక్కడికి పోవాలి? దేనికి ఈ వాకర్?”

“బావమరిదీ.”

“చెప్పండి బావగారూ.”

“తెల్ల కర్ర ఉందా? మాలాంటివాళ్ళు పట్టుకునేది. మడతపెట్టేది.”

“ఆయనకి అక్కర్లేదు తమ్ముడూ.”

“నా అవసరం నన్ను చెప్పనియ్యవే. నీకు తెలియదు బావమరిదీ, ఇరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా నేను ఒంటరిగా తిరగని వీధి లేదు. చేతిలో కర్రుంటే చాలు. బస్సెక్కేవాణ్ణి, దిగేవాణ్ణి. సినిమాకి కూడా పోయేవాణ్ణి.”

“సినిమాకా?”

“వినడానికి. సగం టికెట్టు ఇమ్మంటే గేటువాడు ఒప్పుకునేవాడు కాదు.”

“మరి ఆ కర్ర ఎందుకు వదిలేశారు?”

“మీ అక్కనడుగు. పెళ్ళైన వారానికి విరిచి పారేసింది.”

“విరవలేదు. చెత్తబండిలో వేశాను. ఆ టకటక వినబడగానే వీధిలో పిల్లలు ఈయన వెనకాల పుల్లలు పట్టుకుని, కళ్ళు మూసుకుని నడిచేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది తమ్ముడూ. నేనుండగా మీకు కర్రెందుకన్నాను.”

“అన్నావు.”

“మీరూ సరే అన్నారు.”

“కొత్త పెళ్ళాం చెయ్యి పట్టుకోమంటే కాదంటానా? ఇప్పుడు చెప్తున్నాను. నా కర్ర నాకివ్వండి, రేపట్నుంచి నేనే పోతాను. ఇంటి నుంచి మెట్ల దాకా దారి నా పాదాలకి కంఠతా వచ్చు. గేటు నుంచి సీటుకి నలభై అడుగులు. కళ్ళు మూసుకుని పోతాను.”

“ఆ మాట అనకండి, నవ్వొస్తుంది.”

“నవ్వు. అందుకే అన్నాను. నీ రెండు చేతులూ నువ్వు తీసుకో. బావమరిదీ, కర్ర తియ్యి.”

“కర్ర... ఒక్కటే ఉండేది బావగారూ. పోయిన నెల ఎవరో ఒకావిడ వచ్చి—”

“తమ్ముడూ.”

“ఎవరో పట్టుకెళ్ళారు. మళ్ళీ తెప్పించాలంటే రెండు వారాలు పడుతుంది.”

“ఎవరావిడ?”

“రోజుకి ఎంతమందో వస్తుంటారు. మొహాలు గుర్తుండవు.”

“ఇందాక మా ఆవిడ మొహం గుర్తున్నట్టే మాట్లాడావు?”

“అదీ... పొరబడ్డాను బావగారూ.”

“అతన్ని ఇరికించకండి. ఆవిడ నేనేనండీ.”

“నువ్వా?”

“మెట్ల దగ్గర కూర్చుండిపోయానన్నాను కదా, ఆ రోజే. అరగంట లేవలేకపోయాను. అప్పుడనిపించింది, మీ చెయ్యి నా మోచేతి మీద ఉండగా పడితే ఇద్దరం కలిసి పడతామని. లేచాక గోడలు పట్టుకుంటూ ఇక్కడికే వచ్చాను. ఈ తమ్ముడే మంచినీళ్ళిచ్చాడు.”

“అవునక్కా. చెప్పొద్దని సైగ చేశారని ఊరుకున్నాను.”

“కొని ఏం చేశావు?”

“సంచి అడుగున పెట్టాను. నెల నుంచీ అందులోనే ఉంది. రోజూ పొద్దున ఇద్దామనుకుంటాను. ఇంతలో మీరొచ్చి మోచెయ్యి పట్టుకుంటారు. రేపిద్దాంలే అనుకుంటాను.”

“ఎందుకే?”

“ఇస్తే వెళ్ళిపోతారు. పెళ్ళికి ముందులాగా టకటకా తిరిగేస్తారు. నాతో పని లేదని మీకు తెలిసిపోతుంది. ఇన్నేళ్ళూ మిమ్మల్ని నాకోసమే పట్టుకుని కూర్చున్నానని తెలిసిపోతుంది. కాలు పోతోందని నాకు తెలుసండీ. అది పోతే పోయింది, మీరు నా చెయ్యి వదిలేస్తే నాకింక ఏముంది?”

“పిచ్చిదానా.”

“ఇక దాచను. తమ్ముడూ, వాకర్ కట్టెయ్యి. పిడి ఎత్తు ఇలాగే ఉంచు. ఏవండీ, మీ కర్ర మీకు, నా వాకర్ నాకు. మెట్ల దాకా పక్కనే వస్తాను. గుంట ఉంటే నోటితో చెప్తాను. అక్కణ్ణుంచి మీరెక్కి వెళ్ళండి. సాయంత్రం కింద నిలబడతాను. కుదురుతుంది కదా తమ్ముడూ?”

“భేషుగ్గా కుదురుతుందక్కా. మొదటే ఈ మాట అనుంటే నా బీరువాకి ఆ గండం తప్పేది.”

“మా బుర్రలకి తట్టనే లేదు తమ్ముడూ, ఇంత చిన్న సంగతి! ఏవండీ, సంచి ఇలా ఇవ్వండి. ఇక్కణ్ణుంచి ఆ గుమ్మం దాకా ఒక్కసారి నడిచి చూపించండి. పెళ్ళికి ముందు ఎలా నడిచేవారో అలాగ. నేను చూడాలి. ఇవ్వండి సంచి. ఇవ్వరేం?”

“ఆ గలీబు విప్పకు.”

“ఏ గలీబు?”

“పాత తలగడ గలీబు. ఒక బొత్తాం లేదు. లోపల నాలుగు మడతలు, పిడికి ఒక తాడు. రెండో కీలు కొంచెం బిగుతు.”

“నేనింకా బయటికే తియ్యలేదు. మీకెలా తెలుసు?”

“రోజూ ఆ సంచి మోసేదెవరే?”

“ఎప్పట్నుంచి తెలుసు?”

“నువ్వు కొన్న మర్నాటి నుంచి.”

“నెల నుంచీనా? మరి ఒక్కసారైనా అడగలేదేం? ఇంతసేపూ ఇక్కడ కర్ర కావాలి, కర్ర కావాలని...”

“అలా అంటే నువ్వు వాకర్ కొంటావని.”

“కొన్నాను కదా. ఇక నడవండి మరి. గుమ్మం దాకానే.”

“గురువారం నువ్వు సంచి మర్చిపోయి పోయావే, ఆ రోజు అందరూ భోజనాలకి లోపలికి పోయాక బయటికి తీశాను. సీటు నుంచి గేటుకి. నలభై అడుగులే కదా అని.”

“వెళ్ళారా?”

“పన్నెండో అడుగు దగ్గర దిక్కు తప్పిపోయిందే. ఎటు తిరిగినా పట్టుకోడానికి ఏమీ తగల్లేదు. ఎవరో వచ్చి చెయ్యి ఇచ్చేదాకా అక్కడే నిలబడ్డాను. తర్వాత మళ్ళీ నువ్వు చుట్టినట్టే గలీబులో చుట్టి, నీ డబ్బా కింద పెట్టేశాను.”